అప్‌డేట్: శాన్ హోసేలో ఇల్లు, కుంగిన నేల

మూడు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? "కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఇల్లు చూస్తున్నాం. ఇక్కడ నేల 13 అడుగులు కుంగిందట, పైగా గరాజ్ ఫ్లోర్‌లో పగులు ఉంది. కొనొచ్చా?" అని.

కొనేశాం. టెన్షన్ తగ్గాకే రాస్తున్నాను.

కుంగడం నిజమే. తోటల కోసం బావుల్లోంచి తెగ తోడేయడంతో అడుగున బంకమట్టి పొరల్లో నీటి ఒత్తిడి పడిపోయి, పైబరువుకు అవి నలిగిపోయాయి. 1960ల్లో బయటి నుంచి కాలువ నీళ్లు తెచ్చి, చెరువుల్లో నింపి భూమిలోకి ఇంకించడం పెరిగాక 1969 నాటికి చాలావరకు ఆగింది. నలిగిన పొర మాత్రం మళ్లీ పైకి లేవదు. అందుకే శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఒడ్డునున్న అల్విసో అనే పేట ఇప్పటికీ సముద్రమట్టం కంటే కిందే ఉంది. అటువైపు ఇళ్లు మేం చూడనే లేదు.

మరి పగులు? ఇంజనీర్ వచ్చి అందులో రూపాయి బిళ్ల మందం గేజ్ పెట్టి చూశాడు. శాన్ హోసే ఉన్న లోయంతా కలిసి కుంగితే ఇల్లు ఒక్కటే పగలదట. ఇది వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకునే నేల పని. డౌన్‌స్పౌట్ (కప్పు మీది వాన నీటిని కిందికి దించే గొట్టం) నీళ్లు గోడ పక్కన పడకుండా పైపు వేయించమన్నాడు, వేయించాం.

అనంతపురం నుంచి నాన్న ఫోన్‌లో, "మన బోర్లన్నీ ఎండినా నేల కుంగలేదేంరా?" అన్నారు. మనది రాతినేల నాన్నా, పగుళ్లలో నీళ్లు పోయినా రాయి నలగదు అన్నాను.

"అయితే ఇక్కడే కొనాల్సింది" అన్నారు.