అప్‌డేట్: ఆపి ఉంచిన కారులో బ్యాటరీ దిగిపోవడం, దొంగ దొరికాడు

పాత పెట్రోల్ కారు, నాలుగు రోజులు కదపకపోతే స్టార్ట్ అవ్వట్లేదు, బ్యాటరీ కొత్తది వేసినా అదే కథ అని అడిగాను కదా. కారణం ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది).

మీరు చెప్పినట్టే బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, మల్టీమీటర్‌ని (కరెంటు కొలిచే మీటర్) 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య కలిపాను. డోర్లు లాక్ చేసి అరగంట ఆగాక చూస్తే, ఆపి ఉన్న కారు 0.4 ఆంపియర్లు లాగేస్తోంది! మామూలుగా 0.05 లోపు ఉండాలి. అంటే రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు కూడా ఎందుకు ఆగట్లేదో లెక్క సరిపోయింది. అందరి అనుమానం బయట వేయించిన స్టీరియో మీదే. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాను, స్టీరియోది తీసినా అంకె కదల్లేదు. చివరికి ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు వైరు విప్పితే (అది ఎప్పుడూ లైవే, బ్యాటరీ కేబుల్ పూర్తిగా తీశాకే ముట్టుకోండి) 0.02కి పడిపోయింది. లోపల రెక్టిఫయర్ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనివ్వాల్సిన భాగం) లీక్ అవుతోంది, బ్యాటరీ కరెంటు వెనక్కి పోతోంది. ఛార్జింగ్ మాత్రం 14.1 వోల్టులు చక్కగా చూపించేది, అందుకే దాని జోలికి ఎవరూ పోలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన "మొత్తం మార్చేద్దాం సార్" అన్నాడు. పక్క వీధిలో ఆటో ఎలక్ట్రీషియన్ రెక్టిఫయర్ ప్లేటు ఒక్కటే మార్చాడు. ఇప్పుడు వారం కదపకపోయినా సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్. ఎవరైనా ఈ టెస్ట్ చేస్తే మీటర్ కలిపి ఉండగా మాత్రం తాళం తిప్పకండి, మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది.