మరువలపా, మఱువలపా, మలివలపా?

ప్రశ్న: మా నాయనమ్మ పాడే పాటలో "మరువలపు" అనే మాట ఉండేది, ముందు వెనుకల చరణాలు గుర్తు లేవు. పేదవాడని ఒకప్పుడు పెళ్ళికి కాదనిపించుకున్న ఇంగ్లీషు యువకుడు స్వశక్తితో డ్యూక్ అయి తిరిగి వచ్చి, సొంతంగా బడి నడుపుకుంటున్న పంతులమ్మను మళ్ళీ అడిగే కథ ఒకటి రాస్తున్నాను. దానికి ఈ మాట పేరుగా పెట్టవచ్చునా?

రాజమండ్రి నుంచి: ముందు అది సాధురేఫమో (ర) శకటరేఫమో (ఱ) తేలాలి. మఱునాటిలోని మఱు అయితే మళ్ళీ వచ్చిన వలపు, మరుడిలోని మరు అయితే మన్మథుడు పుట్టించిన వలపు. నోటి పాటలో ఆ తేడా చెవికి అందదు.

తెనాలి నుంచి: వలపు అంటే పరిమళం కూడా అని మరువరాదు. "మరువపు వలపు"లో "వపు" జారిపోయిందని నా గట్టి నమ్మకం. ఎండిన మరువం రెమ్మను వేళ్ళ మధ్య నలిపి చూడండి, వాసన ఎలా లేస్తుందో! ఇంగ్లండు పెరళ్ళలోనూ మరువం ఉంటుంది కనుక కథకు పరాయిది కాదు.

అనకాపల్లి నుంచి: మలివలపు మాత్రం వద్దు. మలిచూలు అంటే మరో బిడ్డ; అలాగే మలివలపు అంటే మరో మనిషి మీద వలపని తోస్తుంది. చెరకు నరికాక అదే మోడు నుంచి లేచే తోటను మేము కార్శి అంటాము. వేరు పాతది, గడ కొత్తది. మీ కథకు అంతకన్నా సరిపోయే మాట నాకు కనిపించలేదు.

హైదరాబాదు నుంచి: ఇలాంటిది నిజంగానే జరిగింది. ఆర్థర్ వెల్లెస్లీకి ఆస్తి లేదని కిట్టీ పాకెన్‌హామ్ ఇంటివారు పిల్లను ఇవ్వబోమన్నారు. అతడు మన దేశంలో 1799లో శ్రీరంగపట్నం, 1803లో అస్సాయే యుద్ధాలు చేసి వెళ్ళి, 1806లో డబ్లిన్‌లో ఆమెనే పెళ్ళాడాడు; వెల్లింగ్టన్ డ్యూక్ అయినది 1814లో. అయితే ఆ కాపురం సుఖంగా సాగలేదు. అది వలపు కన్నా మాట నిలుపుకోవడమే అనిపిస్తుంది.

రాజమండ్రి నుంచి: మాట అన్నారు కనుక నన్నయ భారతం దగ్గరకు రాక తప్పదు. నిండు సభలో రాజుకే పాఠం చెప్పిన శకుంతల కన్నా పంతులమ్మ ఎవరు? "తత్సుత శతకంబు కంటె నొక సూనృతవాక్యము మేలు సూడగన్", అంటే నూరుగురు కొడుకుల కన్నా ఒక్క సూనృతవాక్యం మేలు, అన్నప్పుడు సూనృతం వట్టి సత్యం కాదు, ప్రియమైన సత్యం. ఉంగరం ఊసే లేని ఆ కథలో దుష్యంతుడు మరచిపోలేదు, తెలిసీ తెలియదన్నాడు. అందుకే ఆ పద్యం చదివిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మా మేనత్తకు ఫోను చేశాను. నాయనమ్మ పూలు కడుతూ ఆ పాట పాడేదట, ఆ మాట దగ్గర సాగదీసేదట.

తెనాలి నుంచి: పూలు కడుతూ అంటే మరువమే.

రాజమండ్రి నుంచి: తొందరపడకండి. సాగదీసింది "రు" మీదనా, "వ" మీదనా? దయచేసి అది కూడా అడగండి.