క్లెమెంటే కార్డుకు గ్రేడింగ్ చేయించమంటారా?

అందరికీ నమస్కారం. మేం పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ, తన చిన్నప్పటి బేస్‌బాల్ కార్డులున్న బూట్ల డబ్బాను మా అబ్బాయి చేతిలో పెట్టారు. బబుల్‌గమ్ ప్యాకెట్లలో వచ్చినవట. చాలావరకు మామూలువే. కానీ వాటిలో మా ఊరి పైరేట్స్ జట్టు ఆటగాడు రాబర్టో క్లెమెంటే కార్డు ఉంది, టాప్స్ కంపెనీ 1955లో వేసినది, 164వ నంబరు. అంటే ఆయన రూకీ కార్డు, ఆటగాడిగా ఆయన తొలి కార్డు! నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమాన ప్రమాదంలో చనిపోయిన ఆయన పేరెత్తితే, ఈ ఊరి పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

కార్డు కుడివైపు కింది మూల అరిగి గుండ్రంగా అయింది. దీపం కింద కాస్త వాల్చి చూస్తే పైభాగంలో సన్నటి మడత గీత కనిపిస్తోంది. రంగులు మాత్రం చెక్కుచెదరలేదు.

పీఎస్ఏ లాంటి కార్డుల గ్రేడింగ్ సంస్థకు పంపితే, కార్డు అసలుదో కాదో చూసి, దాని స్థితిని బట్టి 1 నుంచి 10 వరకు గ్రేడు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తారు. మడత ఉంది కాబట్టి పెద్ద గ్రేడు మీద ఆశ లేదు. అమ్మే ఉద్దేశమూ లేదు. అయితే ఈ కార్డుకు రీప్రింట్లు చాలా ఉన్నాయి, మాది అసలుదేనని తేలితే చాలు.

ఇలాంటి పాత కార్డులు గ్రేడింగ్‌కు పంపినవాళ్లున్నారా? తక్కువ గ్రేడు వచ్చినా ఫీజుకు తగ్గ ఫలితం ఉందనిపించిందా? పోస్టులో పంపాలంటే భయంగా ఉంది, ఎలా ప్యాక్ చేశారు? దయచేసి చెప్పండి.