బేస్‌బాల్ టోపీ అంచు వంచాలా, వద్దా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. మా వాడికి పదేళ్లు, ఈ సీజన్‌లోనే బేస్‌బాల్‌లో చేరాడు. నాకు తెలిసిందల్లా క్రికెట్టే, అందుకే అడుగుతున్నా.

టీమ్ ఇచ్చిన టోపీ అంచు పలకలా చదునుగా ఉంది. మా వాడు దాన్ని అలాగే ఉంచాలంటాడు, పైనున్న గుండ్రటి స్టిక్కర్ కూడా పీకనివ్వడు. పక్కింటి పెద్దాయనేమో అంచు వంచితేనే ఆటగాడిలా కనిపిస్తాడంటారు. టీవీలో చూస్తే రెండు రకాలూ ఉన్నాయి. ఫెర్నాండో రాడ్నీ అనే ఆటగాడైతే టోపీని ఓ పక్కకి వాల్చి మరీ బౌలింగ్, అదే, పిచింగ్ చేసేవాడు! ఇంకో పేరున్న ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ ప్రాక్టీసులో టోపీ వెనక్కి తిప్పి పెట్టుకునేవాడు. పిల్లల మ్యాచ్‌లో అలా పెట్టుకుంటే అంపైర్ ఊరుకుంటాడా?

ప్యాంటు గొడవ ఇంకోటి. కొందరు బూట్ల మీదికి జారేలా వేస్తున్నారు, కొందరు ఇచిరో అనే జపాన్ ఆటగాడిలా మోకాలి కిందికి బిగించి పొడుగు సాక్సులు చూపిస్తున్నారు. పరుగెత్తుతూ నేల మీద జారి స్లైడ్ చేసేటప్పుడు ఏది మేలు? పొడుగు ప్యాంటు కొంటే బూటు అడుగు ముళ్లకి తగులుకుని పడతాడేమోనని నా టెన్షన్.

శనివారమే మొదటి మ్యాచ్. అంచు వంచాలంటే వేడినీళ్లలో తడపాలా, కప్పులో దూర్చి రాత్రంతా ఉంచితే చాలా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.