పదకొండేళ్ల కుక్కకి కిడ్నీ జబ్బు. ఎంతవరకు ఖర్చు పెట్టాలి? ఇంట్లో గొడవైపోతోంది

కూర్మన్నపాలెం ఆడపడుచు
అందరికీ నమస్కారం. మా నాన్నగారింట్లో లాబ్రడార్ ఉంది, ఆడది, పేరు చెర్రీ. హుద్‌హుద్ వచ్చిన ఏడాది మా తమ్ముడు పిల్లగా తెచ్చాడు. ఈమధ్య తిండి మానేసింది. నీళ్లు మాత్రం గిన్నెలకి గిన్నెలు తాగుతోంది, తాగినవి వాంతి చేసుకుంటోంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె, పెరిగితే చెడ్డది) 6.2 వచ్చింది. కిడ్నీలు పోయాయన్నారు. సిటీలో ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్లు వారం రోజులు ఉంచి సెలైన్లు పెడతామన్నారు, 38 వేలట. ఆ తర్వాత సంగతి అప్పుడు చూద్దాం అన్నారు. తమ్ముడు అమెరికాలో ఉంటాడు. "ఎంతైనా పంపిస్తా, వైద్యం ఆపొద్దు" అంటున్నాడు. నాన్నగారు "ఇక చాలు" అంటున్నారు. అమ్మ ఏమీ అనట్లేదు. మీ ఇళ్లల్లో ఇలాంటి పరిస్థితి వస్తే ఎక్కడ ఆగారు? ఎంతవరకు పెట్టడం న్యాయం?

కంచరపాలెం కాకా
మా ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి డబ్బుల్లేక మూడేళ్లుగా వాయిదా వేస్తన్నాం. కుక్కకి 38 వేలా? ఏటండీ ఈ కలికాలం.

బీచ్‌రోడ్ బాబాయ్
అమ్మా, ముందు ఆ 38 వేలు దేనికో అడిగారా? రాసిచ్చారా, నోటితో చెప్పారా? సెలైన్ బాటిల్ మందుల షాపులో ఎంతో మనందరికీ తెలుసు. బెడ్ చార్జి ఎంత, డాక్టరు ఫీజు ఎంత, పరీక్షలు మళ్లీ చేస్తారా, చేస్తే వాటికి విడిగా తీసుకుంటారా? ఇవేవీ తెలీకుండా న్యాయమా అన్యాయమా అని ఎవరు చెప్పగలరు?

నా అనుభవం చెబుతాను. మా పొమేరియన్ కుక్కపిల్లకి పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదకొచ్చే వైరస్ జబ్బు) వచ్చింది. ఓ క్లినిక్‌లో చేర్చాం. రోజూ పొద్దున్న వెళ్తే "ఇవాళ కొంచెం నయం" అనేవారు, సాయంత్రం డబ్బులు కట్టించుకునేవారు. ఆఖరి రోజు బిస్కెట్ల అట్టపెట్టెలో పెట్టి, పైన న్యూస్ పేపరు కప్పి, కౌంటర్ పక్కన ఉంచారు. బిల్లు కట్టాకే పెట్టె ఇచ్చారు. ఆ బిల్లులో "ఇతర ఖర్చులు" అని ఒక లైను ఉంది. అవేమిటని అడిగితే ఆ అమ్మాయి కంప్యూటర్ వైపు చూసింది. ఇప్పటిదాకా జవాబు లేదు. అందుకే చెబుతున్నా, ఐటెమ్ వారీగా కాగితం మీద రాయించుకోండి.

సింహాచలం సంపెంగ
బాబాయ్ గారూ, మీ పిల్లకి పార్వో టీకా వేయించారా? ఆ టీకాకయ్యే ఖర్చెంతో కూడా మనందరికీ తెలుసు. సరే, వదిలేయండి.

ఆడపడుచు గారూ, నా మాట కటువుగా ఉండొచ్చు. పిల్లగా ముద్దుగా ఉన్నప్పుడు ఫొటోలు తీసుకుని, ముసలిదయ్యాక "చాలు" అనడం ఏం న్యాయమండీ? అది పదకొండేళ్లు మీ గుమ్మం కాసింది. మీ తమ్ముడు డబ్బులిస్తానంటున్నాడు. మీ నాన్నగారి జేబులోంచి రూపాయి పోవట్లేదు. మరి ఆయనకి అభ్యంతరం ఏమిటి? డబ్బున్నప్పుడు వైద్యం చేయించాలి. ఇందులో చర్చ ఎక్కడుందో నాకైతే అర్థం కావట్లేదు.

పూర్ణా మార్కెట్ పద్మ
కొండపిండి ఆకు కషాయం పోయండి. మా మామగారికి కిడ్నీలో రాళ్లు దానితోనే పోయాయి. పల్లేరు కాయలు కూడా మంచివి.

గరివిడి కుర్రాడు
పద్మ గారూ, రాళ్లు వేరు, కిడ్నీ ఫెయిల్యూర్ వేరు. వాంతులవుతున్న కుక్కకి కషాయం పట్టిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. దయచేసి వద్దు.

నేను పశువైద్యం చదువుతున్నాను, ఇంకా డాక్టర్ని కాదు. అక్కా, స్కాన్ చేశారా? డబ్బు సంగతి దాని తర్వాత. క్రియాటినిన్ 5 దాటితే నాలుగో దశ అంటారు, అదే ఆఖరి దశ. కానీ ఆ దశలు లెక్కపెట్టేది ఒంట్లో నీరు సరిగ్గా ఉన్నప్పుడు తీసిన రక్తంతో. వాంతులతో ఎండిపోయిన కుక్కకి ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పైగా ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీ వేరు, ఏళ్ల తరబడి నెమ్మదిగా పోయిన కిడ్నీ వేరు. ఎలుకల మూత్రం కలిసిన వాననీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ లాంటివి కారణమైతే సరైన మందులతో కొన్ని కుక్కలు కోలుకుంటాయి. నెమ్మదిగా పోయినదైతే, రక్తంలో ఈ అంకె పెరిగేసరికే కిడ్నీల పనిలో ముప్పాతిక వంతు పోయి ఉంటుంది. దాన్ని వెనక్కి తేలేం, సెలైన్ కొంత ఊరటనిస్తుంది, అంతే.

ఇంకో రెండు ప్రశ్నలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? చేయించకపోతే గర్భసంచిలో చీము పట్టినా ఇలాగే విపరీతంగా నీళ్లు తాగుతుంది, వాంతులు చేసుకుంటుంది. అదైతే ఆపరేషన్‌తో బతకొచ్చు. కాళ్ల నొప్పులకి మనుషులు వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఏమైనా వేశారా? అవి కుక్కల కిడ్నీల్ని దెబ్బతీస్తాయి.

కూర్మన్నపాలెం ఆడపడుచు
స్కాన్ చేయలేదు బాబూ, రక్తపరీక్ష ఒక్కటే. ఆపరేషనూ చేయించలేదు. మాత్రలేమీ వేయలేదు.

బీచ్‌రోడ్ బాబాయ్
చూశారా? స్కాన్ చేయకుండానే 38 వేలు చెప్పారు! నేనన్నది ఇదే. ఆ స్కాన్ ఈ 38లో ఉందా, విడిగానా? ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి గవర్నమెంటు డాక్టరుకి చూపించండి. చీటీ రాయించుకుంటే సరిపోతుంది. అక్కడ చాలామంచి డాక్టర్లున్నారు.

మద్దిలపాలెం పిల్లులమ్మ
గవర్నమెంటు ఆసుపత్రికి నేనూ వెళ్తుంటాను, డాక్టర్లు మంచివాళ్లే. కానీ రాత్రంతా పక్కన కూర్చుని సెలైన్ చూసే మనిషి అక్కడ ఉండరు. ఆ మనిషి మీరే అవ్వాలి.

నేను వీధి పిల్లుల్ని, కుక్కల్ని చూసుకుంటాను. మీలాగ అడిగేవాళ్లంటే నాకు గౌరవం. అడగనివాళ్ల సంగతి చెప్పనా? బీచ్ రోడ్డులో తెల్లారేసరికి మెడలో బెల్టుతో సహా లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు దొరుకుతాయి. చర్మం ఊడిపోయి, కాళ్లీడ్చుకుంటూ. కారులో తెచ్చి దింపి పోతారు. దానికంటే డాక్టరుతో ఇంజెక్షన్ ఇప్పించి, తల ఒళ్లో పెట్టుకుని సాగనంపడం వెయ్యి రెట్లు నయం. మా ఇంట్లో రెండింటిని అలాగే పంపాను. నాకేం పాపం తగల్లేదు.

సింహాచలం సంపెంగ
అదిగో, ఇంజెక్షన్ దాకా వచ్చేశారు! అది హత్య. చట్టప్రకారం కూడా నేరం. ఈ ముక్క ఎవరూ చెప్పరే? రేపు మనిషికి జబ్బు చేసినా ఇలాగే అంటారా? అసలు ఆ పెద్దాయన మనసులో ఏముందో నాకు అర్థమవుతూనే ఉంది. విసుగు. ఆ వయసులో కొందరు అన్నిటికీ "ఖర్చు, ఖర్చు" అంటుంటారు, పైసా వాళ్లది కాకపోయినా.

మద్దిలపాలెం పిల్లులమ్మ
చట్టం ఒకసారి చదివి మాట్లాడండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో నేరమన్నది బాధపడేలా వదిలేసి పోవడాన్ని. కోలుకోలేని బాధలో ఉన్నదానికి డాక్టరు నొప్పి లేకుండా ప్రాణం తీయడం నేరం కాదు. మీరు కోపంలో ఏదో ఒకటి అనేస్తే, ఇది చదివినవాళ్లు కేసులకి భయపడి రాత్రిపూట బీచ్‌కి తీసుకెళ్లి వదిలేస్తారు.

కంచరపాలెం కాకా
పెద్దాయన్ని అంటే మాత్రం ఊరుకోం. మర్యాదగా మాట్లాడండి.

కూర్మన్నపాలెం ఆడపడుచు
సంపెంగ గారూ, మా నాన్నగారి మనసులో ఏముందో మీకు అర్థమైపోయిందా? అయితే ఇదీ వినండి.

నాన్నగారి ఫ్లాటు మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. చెర్రీ బరువు మొన్నటిదాకా ముప్పై కిలోలు. ఇప్పుడు మెట్లు దిగలేదు. నాన్నగారు పాత దుప్పటిని దాని పొట్ట కింద నుంచి వేసి, రెండు కొసలూ కుడిచేతికి చుట్టుకుని, ఎడమచేత్తో రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతారు. ల్యాండింగ్ దగ్గర ఆగి ఇద్దరూ ఆయాసపడతారు. ఆయనకి డెబ్బై దాటాయి, బీపీ ఉంది. అది అన్నన్ని నీళ్లు తాగుతోంది కదా, రాత్రి పన్నెండుకోసారి, మూడుకోసారి దింపాలి. ఒక్కోసారి దింపేలోపే మెట్ల మీద అయిపోతుంది. కింది ఫ్లాటు వాళ్లు లేవకముందే ఆయన బకెట్టు, ఫినాయిల్ పట్టుకుని కడుగుతారు. అమ్మకి చెప్పొద్దంటారు. కుక్క అంటే ఆటోవాళ్లు ఆగరు. ఆగినవాడు అక్కడి నుంచి సిటీకి రెట్టింపు అడుగుతాడు.

నేను అదే ఊళ్లో ఉన్నా ఉద్యోగం, పిల్లలు. సాయంత్రం వెళ్తే వెళ్లినట్టు, లేకపోతే లేదు. తమ్ముడు వీడియో కాల్‌లో "చెర్రీ, చెర్రీ" అంటాడు, అది తోక ఊపుతుంది. "చూశారా, బానే ఉంది, వైద్యం చేయించండి" అని పెట్టేస్తాడు. నాన్నగారు చాలన్నది డబ్బు చూసి కాదు. ఆ మాట వాడికి చెప్పలేక మీ అందరినీ ఖర్చు గురించి అడిగాను.

సింహాచలం సంపెంగ
నాకిది గట్టిగా తగిలింది. చెప్పకూడదనుకున్నాను, అడిగారు కాబట్టి చెబుతాను. పేరుకే సింహాచలం, నేను ఉండేది బెంగళూరులో. గోపాలపట్నంలో అమ్మానాన్న, మా రాకీ. మా నాన్న కూడా ఇలాగే "చాలు" అన్నారు, నాకు ఫోన్ చేసే సరికి అంతా అయిపోయింది. కిందటి నెల జీతంలోంచి పంపిన డబ్బు వెనక్కి నా అకౌంట్‌లో వేసేశారు. ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే రాత్రి బస్సెక్కి వచ్చేవాణ్ణి.

దూరంగా ఉన్నవాడి చేతిలో ఉండేది డబ్బొక్కటే అండీ. అది కూడా వద్దంటే వాడికి ఆ ఇంట్లో ఏ చోటూ లేనట్టే. మీ తమ్ముడు మీ నాన్నగారి కష్టం చూడట్లేదంటున్నారు. చూపించారా? ఆ దుప్పటి, ఆ మెట్లు కెమెరాలో ఎప్పుడైనా చూపించారా? తోక ఊపినప్పుడే కాల్ చేస్తే వాడు బానే ఉందనుకోడూ? పెద్దాయన ఒక్కరే నిర్ణయించకూడదని నేను ఇప్పటికీ అంటాను.

మద్దిలపాలెం పిల్లులమ్మ
చూపించమన్నది నిజమే. మిగతాదానికి ఒప్పుకోను. మోసేవాళ్ల మాటకి, పంపేవాళ్ల మాటకి ఒకే బరువు ఉండదు. మీ తమ్ముడు పంపే డబ్బుతో ముందు రాత్రిపూట మోయడానికి ఒక మనిషిని పెట్టమనండి. 38 వేలకి ఓ కుర్రాడు చాలా రోజులు వస్తాడు. అప్పుడు కూడా నాన్నగారు చాలంటే, అది కుక్క గురించి అంటున్న మాట.

గరివిడి కుర్రాడు
వారం ప్యాకేజీకి ఒకేసారి ఒప్పుకోకండి అక్కా. స్కాన్ చేయించండి. తర్వాత రెండు మూడు రోజులు సెలైన్ ఎక్కించి మళ్లీ రక్తం చూడమనండి. అంకె దిగుతూ, వాంతులు తగ్గి, నోటికి ఏదైనా పట్టుకుంటే ముందుకెళ్లండి. దిగకపోతే ఎక్కడ ఆపాలో డాక్టరు గారినే మొహమాటం లేకుండా అడగండి, చెబుతారు. ఇంటికి తెచ్చుకుంటే భుజాల మధ్య వదులు చర్మం కింద సెలైన్ ఎక్కించడం మీకూ నేర్పుతారు. ఎక్కించాక అక్కడ బుడిపెలా ఉబ్బుతుంది, ఒక్కోసారి ముందుకాలి వైపు జారుతుంది, కంగారుపడక్కర్లేదు. తిండికి అన్నంలో ఉడికించిన గుడ్డు తెల్లసొన పెట్టి చూడండి, అందులో కిడ్నీలకి భారమయ్యే ఫాస్ఫరస్ తక్కువ. పచ్చసొన వద్దు.

కూర్మన్నపాలెం ఆడపడుచు
స్కాన్ అయింది. గర్భసంచిలో చీము లేదు. రెండు కిడ్నీలూ బాగా కుంచించుకుపోయాయట, చాన్నాళ్లుగా ఉన్నదే అన్నారు. తమ్ముడికి నిన్న రాత్రి మెట్ల దగ్గర నుంచి వీడియో కాల్ చేశాను. ల్యాండింగ్ దగ్గర ఫోన్ కింద పెట్టి దుప్పటి రెండో కొస నేను పట్టుకోవాల్సి వచ్చింది, కాబట్టి వాడికి కనిపించింది సీలింగే. మాటలు మాత్రం వినిపించాయి. మూడు రోజులు సెలైన్ పెట్టించి, మళ్లీ రక్తం చూసి, అప్పుడు నాన్నా, వాడూ మాట్లాడుకుంటామన్నారు. వాడు టికెట్లు చూస్తున్నాడు. పొద్దున్న ఎనిమిదికి చెర్రీని కిందికి దింపాలి.

కంచరపాలెం కాకా
మా మేనల్లుడు అక్కడే శ్రీనగర్‌లో ఉంటాడు, గట్టి పిల్లడు. ఏడున్నరకి పంపిస్తాను. మెసేజ్‌లో అడ్రస్ పెట్టమ్మా. పెద్దాయన్ని ఎత్తనివ్వకు.

బీచ్‌రోడ్ బాబాయ్
మూడు రోజులకి ఎంతన్నారు? స్కాన్ డబ్బులు అందులో కలిపారా, విడిగా తీసుకున్నారా? కాగితం మీద రాయించుకున్నారా అమ్మా?