నెప్ట్యూన్ కక్ష్యను దాటే ప్లూటో దాన్ని ఎందుకు ఢీకొనదు?

నెప్ట్యూన్, ప్లూటో కక్ష్యలను పెన్సిల్‌తో కాగితం మీద గీసి చూసినప్పుడు, రెండు గీతలూ రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటాయి. 1979 నుంచి 1999 వరకు ప్లూటో నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉండడానికి కారణమూ ఇదే. ప్లూటో కక్ష్య దాదాపు 17 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల, కాగితంపై కలిసినట్టు కనిపించే చోట అంతరిక్షంలో నిజానికి చాలా ఎడం ఉంటుందని గ్రహించాను. అంతకంటే ముఖ్యంగా, నెప్ట్యూన్ సూర్యుణ్ణి మూడుసార్లు చుట్టివచ్చే కాలంలో ప్లూటో రెండుసార్లు చుట్టివస్తుందనీ (ఒక్కో ప్రదక్షిణకు వరుసగా సుమారు 165, 248 ఏళ్లు), ఈ లయ వల్ల ప్లూటో సూర్యుడిని సమీపించిన ప్రతిసారీ నెప్ట్యూన్ ఎంతో దూరాన ఉంటుందనీ తెలుసుకున్నాను.

నాకు అంతుబట్టనిది ఆ తర్వాతి సంగతి. అంగారకుడికీ బృహస్పతికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీలో, బృహస్పతి ఒకసారి తిరిగేలోగా మూడుసార్లు తిరిగే కక్ష్య దాదాపు ఖాళీగా ఉంది. అక్కడికి చేరిన శకలాలను బృహస్పతి ఆకర్షణ మళ్లీ మళ్లీ లాగి, వాటి కక్ష్యలను సాగదీసి, చివరికి అక్కడి నుంచి తరిమేస్తుందని చదివాను. ఇటువంటి పూర్ణాంక నిష్పత్తే ప్లూటోకు రక్షణగానూ, ఆ శకలాలకు ముప్పుగానూ ఎలా మారుతుంది? ప్లూటో కాస్త ముందుకో వెనక్కో జరిగితే నెప్ట్యూన్ ఆకర్షణే దాన్ని తిరిగి సర్దుతుందా? సర్దితే, ఏ దిశలో లాగడం వల్ల? ఇంటర్ స్థాయి కలన గణితం తెలుసు కనుక సమీకరణాలతో చెప్పినా అర్థం చేసుకోగలను. దయచేసి వివరించగలరు.