‘గాడిద’ మన సొంత మాటా, ‘గర్దభం’ నుంచి వచ్చిన తద్భవమా?

ప్రశ్న (సిరొంచ నుంచి):
మా సిరొంచలో చాలామంది పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సాయంత్రం పూట వారిలో కొందరికి నేను తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాను. మొన్న తద్భవాల పాఠం చెబుతుండగా ఏడో తరగతి అమ్మాయి లేచి, మరాఠీ ‘గాఢవ్’ సంస్కృత ‘గర్దభ’ శబ్దం నుంచి వచ్చిందట కదా, మరి మన ‘గాడిద’ కూడా అక్కడి నుంచే వచ్చిందా అని అడిగింది. నేను అవునన్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు మీద నాకే నమ్మకం కుదరలేదు. తెలిసినవారు కారణాలతో సహా చెప్పండి.

జవాబు 1 (రాజురా నుంచి):
అమ్మా, మీరు చెప్పినది సరైనదే. ‘గర్దభ’ శబ్దం ప్రాకృతంలో ‘గద్దహ’, ‘గడ్డహ’ అని రెండు విధాలుగా మారింది. అందులో డకారం ఉన్న రూపమే మరాఠీలో ‘గాఢవ్’ అయింది; మన ‘గాడిద’లోనూ ఆ డకారమే ఉంది. పర్యాయపదాలన్నీ సంస్కృతం నుంచి తీసుకున్న భాష ఈ ఒక్క మాటను మాత్రం విడిగా పుట్టించుకుందని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. అమరకోశం వైశ్యవర్గంలో చక్రీవంతము, వాలేయము, రాసభము, గర్దభము, ఖరము అని ఐదు పేర్లు ఉన్నాయి. వాటిలో ‘ఖరము’ తెలుగు పిల్లలకు వేమన పద్యంలోనే పరిచయమవుతుంది. గంగిగోవు పాలు గరిటెడైనా చాలుననీ, ఖరము పాలు కడివెడున్నా ఏం లాభమనీ చదవని వారుండరు. మరొక మాట. ‘గాడిద’ తిట్టుగా మారిపోయింది కనుక, పాఠాల్లో ‘గార్దభం’ అని రాయడమే మర్యాద అని నా అభిప్రాయం.

జవాబు 2 (దెగ్లూర్ నుంచి):
రాజురా సార్ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మా ఊరి సంతలో ఈ జంతువుకు మూడు పేర్లు వినిపిస్తాయి: మరాఠీ వారు ‘గాఢవ్’ అంటారు, కర్ణాటక వైపు నుంచి వచ్చినవారు ‘కత్తె’ అంటారు, మేము ‘గాడిది’ అంటాము. చిన్నప్పటి నుంచి ఈ మూడూ వింటున్న నాకు మన మాట ‘గాఢవ్’ కంటే ‘కత్తె’కే దగ్గర చుట్టంగా తోచేది. అది చెవికి తోచిన మాట మాత్రమే కాదని తరువాత తెలిసింది.

తమిళంలో ఈ జంతువు పేరు ‘కఴుదై’. పాత కన్నడంలో ‘కఴ్తె’, అదే ఇప్పుడు ‘కత్తె’ అయింది. తమిళంలో ఴకారం ఉన్నచోట తెలుగులో చాలాసార్లు డకారం వస్తుంది: వారి ‘ఏఴు’ మనకు ‘ఏడు’, వారి ‘కోఴి’ మనకు ‘కోడి’. మన పాత శాసనాల్లోనూ ఆ ఴ అక్షరం ఉండేది. అది డకారంలో కలిసిపోవడం వల్లనే ‘చోఴ’ శబ్దం ‘చోడ’ అయింది. కాబట్టి ‘గాడిద’లోని డకారానికి ప్రాకృతం దాకా పోనక్కరలేదు.

అసలు చిక్కు చివరి ‘ద’తో ఉంది. ‘గడ్డహ’ నుంచి మరాఠీ మాట పుట్టినప్పుడు ఆ హకారం డకారానికి ఒత్తుగా చేరి ‘ఢ’ అయింది. మన మాట కూడా ఆ దారినే వచ్చి ఉంటే చివర ‘ద’ ఎక్కడిది? దానికి ప్రాకృతంలో జవాబు దొరకదు. తమిళ ‘దై’లోనూ, కన్నడ ‘తె’లోనూ అది కళ్లెదుటే ఉంది. బరో, ఎమెనో 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలన్నింటినీ ఒకే కుదురు కింద చేర్చింది.

ఇక మర్యాద సంగతి. సంస్కృతంలో జంతువు పేరు ‘గర్దభం’. ‘గార్దభం’ అంటే గాడిదకు సంబంధించినది అని అర్థం. తెలుగులో రెండూ వాడుతున్నాము, తప్పనను. అయితే మర్యాద కోసం మార్చుకున్న మాటకు మూలంలో అర్థమే వేరని గుర్తుంచుకోవాలి.

జవాబు 3 (సిరొంచ నుంచి, మరొకరు):
వ్యుత్పత్తి గురించి పెద్దలు చెబుతున్నారు, నేను మర్యాద గురించి చెబుతాను. మా ఇంట్లో గాడిదలు ఉండేవి. మా నాన్న తెల్లవారకముందే మూటలను వీపుకు రెండు వైపులా సమంగా తూగేటట్లు కట్టి ప్రాణహిత రేవుకు తోలుకుపోయేవారు. ఎండ ఎక్కాక ముందుకాళ్లకు బందం వేసి గట్టున మేతకు వదిలేవారు. ఆయన నోట ‘గాడిద’ అన్న మాట ఎద్దు, ఆవు అన్నంత మామూలుగా వచ్చేది. మా అన్నం పెట్టిన జంతువు పేరును పుస్తకంలో రాయడానికి సిగ్గుపడి వేరే మాట వెతుక్కుంటే, ఆ పని చేసి బతికినవారిని తక్కువ చేసినట్లే నాకు అనిపిస్తుంది. ‘గాడిద చాకిరీ’ అనేవారు కూడా దాని కష్టాన్ని ఒప్పుకున్నట్లే కదా. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని మనమంటాము. చిక్కుల్లో పడితే హరి అయినా గాడిద కాళ్లు పట్టుకుంటాడని మరాఠీలోనూ సామెత ఉంది. రెండు భాషల్లోనూ అవసరానికి పనికివచ్చినది ఆ జంతువే.

జవాబు 4 (రాజురా నుంచి):
చివరి ‘ద’ గురించి దెగ్లూర్ మిత్రులు అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు; అంతవరకు నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మర్యాద విషయంలో కూడా రేవు గురించి రాసినవారి మాటే న్యాయం. అయితే ఒక సందేహం మిగిలింది. ‘గర్దభ’కూ ‘కఴుదై’కీ మధ్య ఇంత పోలిక ఊరకే వచ్చిందా?

జవాబు 5 (దెగ్లూర్ నుంచి):
ఊరకే రాలేదనే నేనూ నమ్ముతున్నాను, కానీ దారి మీరు అనుకున్న వైపు కాకపోవచ్చు. వృషభ, శరభ, రాసభ, కరభ అనే మాటలు చూడండి; ‘భ’ జంతువుల పేర్ల చివర చేరే ప్రత్యయం. దానిని తీసివేస్తే ‘గర్దభ’లో మిగిలేది ‘గర్ద’. అది పాత కన్నడ ‘కఴ్తె’కు ఎంత దగ్గరగా ఉందో పైకి పలికి చూడండి. ద్రావిడ శబ్దమే సంస్కృతంలోకి వెళ్లి ‘భ’ చేర్చుకున్నదని పండితుల్లో ఒక పక్షం భావిస్తుంది, నాకు కూడా అదే సబబుగా తోస్తుంది. ‘రాసభ’ సంగతి వేరు; అది అరుపును తెలిపే ధాతువు మీద ఏర్పడింది. ‘ఖర’ శబ్దానికి వాడి, వేడి అనే అర్థాలూ ఉన్నాయి. సూర్యుణ్ణి ఖరకరుడు అనేది అందుకే. 2011 ఉగాదికి ఖర నామ సంవత్సరం వచ్చినప్పుడు దానిని గాడిద సంవత్సరమని వేళాకోళం చేసినవారికి ఈ అర్థం చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు (సిరొంచ నుంచి):
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పిల్లల ముందు నా జవాబు తప్పని ఒప్పుకొని, బల్ల మీద ఒకవైపు ఏఴు, కోఴి, కఴుదై అనీ, రెండోవైపు ఏడు, కోడి అనీ రాసి, మూడో మాట చోటు ఖాళీగా వదిలాను. ప్రశ్న అడిగిన అమ్మాయే వచ్చి అక్కడ ‘గాడిద’ అని రాసింది.